పెద్దయ్యాక ఆటిజం పునఃపరీక్ష: నా అనుభవం

కళ్లలోకి చూసి మాట్లాడుతున్నానన్న కారణంతో మొదటి పరీక్షలో నాకు ఆటిజం లేదని తేల్చారు. పెద్దయ్యేసరికి అలవరచుకున్న పద్ధతులు లక్షణాలను కప్పివేయవచ్చని మానసిక సమస్యల నిర్ధారణకు నిపుణులు వాడే, 2013లో వెలువడిన డీఎస్ఎం-5 అనే గ్రంథం స్పష్టంగానే చెబుతుంది. అందుకే పునఃపరీక్షకు, పెద్దవారిని పరీక్షించిన అనుభవమున్న సైకాలజిస్టునే ఎంచుకున్నాను. లక్షణాలు బాల్యం నుంచీ ఉన్నాయని చూపవలసి ఉంటుంది కాబట్టి, పాత ప్రోగ్రెస్ కార్డులతో పాటు, మిక్సీ శబ్దానికి నేను చెవులు మూసుకుని పక్కగదిలోకి పరుగెత్తేవాడినని అమ్మ చెప్పిన సంగతినీ రాసి ఇచ్చాను. ఒక్క ఫోన్ చేయడానికి ముందు అనవలసిన వాక్యాలన్నీ కాగితంపై రాసుకుంటానని, ఆ తరువాత చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేనని కూడా వివరించాను. నా ఉద్దేశంలో అన్నిటికన్నా పనికొచ్చింది ఈ వివరమే. నిర్ధారణ పత్రం అందాక, ఆఫీసులో పనులను రాతపూర్వకంగా అప్పగించమని, శబ్దం తక్కువగా ఉన్నచోట కూర్చోనివ్వమని కోరాను. రెండింటికీ ఒప్పుకున్నారు. ఆందోళనకు చికిత్స మాత్రం విడిగా కొనసాగుతోంది.