మందు మానే పాఠాలు – 2: మొదటి మూడు రాత్రులు

పోయిన పాఠంలో ఒక చిన్న నోటుబుక్కు పెట్టమన్నాను. పొద్దున మొదటి గుక్క ఎన్ని గంటలకు, రాత్రి చివరిది ఎన్నింటికి, మొత్తం ఎన్ని క్వార్టర్లు, ఆ రోజు అన్నం తిన్నారా లేదా – వారం పాటు ఇవే రాయమన్నది. రాసినవాళ్లు ఆ పుస్తకం పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి. రాయనివాళ్లు ఇప్పుడే కూర్చుని పోయిన వారం గుర్తున్నంతవరకు రాసేయండి. అది లేకుండా ఈ పాఠం ముందుకు సాగదు. మీరు ఇంట్లోనే మానొచ్చా, ఆసుపత్రికి వెళ్లి మానాలా అన్నది తేలేది ఆ పుస్తకంలోనే.

ఆదివారమో, పెళ్లిలోనో తాగి మిగతా రోజుల్లో మందు జోలికి పోనివాళ్లకు మానేటప్పుడు శరీరం పెద్దగా ఎదురు తిరగదు. వాళ్లు ఈ రోజే ఆపేయొచ్చు. ఈ పాఠం ముఖ్యంగా రెండో రకం వాళ్ల కోసం. నిద్ర లేవగానే చేతులు వణుకుతాయి, గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలుకుతాయి, ఒక నైంటీ పడితే గానీ పళ్లు తోముకోవడం కూడా కుదరదు. మధ్యాహ్నానికి ఇంకొంచెం పడకపోతే చెమటలు, గుండె దడ. మీ పుస్తకంలో ఇవి కనిపిస్తే, డాక్టర్ని కలవకుండా ఒక్కసారిగా ఆపకండి. కలిసేదాకా రోజూ తాగేదాన్ని పెంచకుండా, అలాగని పూర్తిగా కోసేయకుండా ఉండి, రేపో ఎల్లుండో ఆసుపత్రికి వెళ్లండి. ఈ మాట ఇంట్లో ఆడవాళ్లకు మింగుడు పడదని తెలుసు. “మానతానంటే వద్దంటారేంది?” అని అడుగుతారు. అమ్మా, మానొద్దని కాదు నేను చెప్పేది. మానే పనిలో మనిషి పోకూడదని.

ఎందుకో చెప్తాను. ఆల్కహాల్ మెదడును మందగింపజేస్తుంది. రోజూ పడుతుంటే మెదడు ఊరుకోదు, ఆ మత్తుకు ఎదురు నిలిచి పని చేయడానికి తన హుషారును పెంచుకుంటూ పోతుంది. ఒంగోలు గిత్తలు బండ లాగే పోటీ చూసే ఉంటారు. బలమంతా పెట్టి లాగుతుండగా మోకు తెగితే గిత్తలు ముందుకు తూలి పడతాయి. మందు ఒక్కసారిగా ఆగితే మెదడుకు జరిగేది అదే. ఎదురు బరువు పోయింది, లాగే బలం మాత్రం అలాగే ఉంది. వణుకు, చెమట, దడ, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్ అన్నీ ఆ తూలుడు వల్ల వచ్చేవే. గుండె నిబ్బరం లేకపోవడం వల్ల చేతులు వణకవు. ఎంత ధైర్యవంతుడికైనా వణుకుతాయి.

మన ప్రకాశం జిల్లా కురిచేడులో 2020 జూలై నెలాఖరున ఏం జరిగిందో మర్చిపోకూడదు. కరోనా వల్ల మందు దుకాణాలు మూతపడి ఉన్న రోజుల్లో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. అప్పుడు చాలామంది వాళ్లను తిట్టారు. నాకు మాత్రం ఆ వార్త ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. ఒంటికి అలవాటైన మత్తు హఠాత్తుగా దొరక్కపోతే మనిషి ఏ స్థితికి వెళ్తాడో, ఆ సమయంలో వైద్యం అందడం ఎంత అవసరమో అంతకన్నా చెప్పేదేముంది?

అయ్యప్ప మాల విషయంలోనూ ఈ జాగ్రత్తే. కార్తీకంలో మాల వేసుకుని ఆ రోజు నుంచే చుక్క ముట్టని వాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది. చాలా మంచి సంకల్పం. కానీ పొద్దున్నే వణుకు వచ్చే మనిషి మాల వేసుకునే ముందు వారం డాక్టర్ని చూడాలి. స్వామికి వైద్యంతో పేచీ లేదు.

ఇంట్లో అసలు ప్రయత్నించకూడని వాళ్లు కొందరున్నారు. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు, లేనివి కనపడి కలవరించినవాళ్లు, కామెర్లు ఉన్నవాళ్లు, పొట్ట ఉబ్బినవాళ్లు, గుండె జబ్బు, అదుపు తప్పిన షుగర్ ఉన్నవాళ్లు, రోజూ నిద్రమాత్రలు కూడా వేసుకునేవాళ్లు, గర్భిణులు, పెద్ద వయసువాళ్లు, రాత్రి పక్కన తోడు లేనివాళ్లు. వీళ్లు చేరి వైద్యం చేయించుకోవాల్సిందే. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఎటు వెళ్లాలో తోచకపోతే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మత్తు అలవాట్ల కోసమే ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14446.

డాక్టర్ దగ్గర ఆ నోటుబుక్కు తెరిచి చూపించండి. “అప్పుడప్పుడు రెండు పెగ్గులండీ” అని తగ్గించి చెప్తే మాత్రల లెక్క తప్పుతుంది. ఇంకో సంగతి. కాలు విరిగో, హెర్నియా ఆపరేషన్‌కో ఆసుపత్రిలో చేరి, తాగుడు సంగతి సిగ్గుపడి దాచిపెట్టి, రెండో రోజో మూడో రోజో వార్డులోనే ఫిట్స్ తెచ్చుకునేవాళ్లున్నారు. ఏ జబ్బుకు చేరినా రోజూ తాగుతానని ముందే చెప్పాలి.

ఇక రోజు ఎంచుకోవడం. ముహూర్తం చూడాల్సింది పంచాంగంలో కాదు, పని చూసుకుని. రొయ్యల గుంట పట్టుబడి ఉన్న వారం వద్దు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ కాలుస్తూ రాత్రిళ్లు మంట కాయాల్సిన రోజులు వద్దు, ఇంట్లో పెళ్లి వద్దు. కనీసం ఐదు రోజులు పని మానుకోగలగాలి. ఆ ఐదు రోజులూ బండి నడపకూడదు. చీమకుర్తి క్వారీల్లో మిషన్ మీద పనిచేసేవాళ్లు మిషన్ ఎక్కకూడదు. బావి గట్టు, గుంట కట్ట, మిద్దె అంచు – వీటి దగ్గరకు ఒంటరిగా పోకూడదు. అక్కడ ఫిట్స్ వచ్చి పడితే ప్రాణం మీదకొస్తుంది. మూడు రాత్రులూ ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు మెలకువగా ఉండాలి, వంతులు వేసుకున్నా సరే. బీరువా వెనక, బండి డిక్కీలో, పశువుల కొట్టంలో దాచినవి మీకే తెలుసు. తీసి పారబోయండి. కల్లు, బీరు పర్వాలేదనుకోవద్దు, వాటిలో ఉన్నదీ ఆల్కహాలే.

ఇప్పుడు గంటల లెక్క. గడియారం చివరి గ్లాసు దగ్గర మొదలవుతుంది.

ఆరు నుంచి ఎనిమిది గంటలకు వణుకు, చెమట, వాంతి వచ్చినట్టుండటం, తలనొప్పి, ఊరికే చికాకు మొదలవుతాయి. తెల్లారి రెండింటికి లేచి కూర్చుంటారు, ఇంక నిద్ర రాదు. ఇది ఇబ్బందే కానీ ఎదురుచూసిందే. మొదటి రోజు దాటి రెండో రోజు వచ్చేసరికి ఇంకా పెరగొచ్చు. ఫిట్స్ వచ్చేవాళ్లకు ఎక్కువగా మొదటి 48 గంటల్లోపే వస్తాయి. కొందరికి గోడ మీద పురుగులు పాకినట్టు, ఎవరో పిలిచినట్టు ఉంటుంది.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో స్పూను పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు. చుట్టూ గట్టి వస్తువులు తీసేసి, ఆగగానే మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఒక్కసారే వచ్చి తగ్గినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మూడో రాత్రి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే రెండు రోజులు గడిచాయి కదా అని ఇంట్లోవాళ్లు కాస్త నిద్రపోయేది అప్పుడే. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య, నూటికి నలుగురైదుగురికి, తీవ్రమైన కలవరింత వస్తుంది. పగలో రాత్రో తెలియదు. ఇంట్లోనే ఉండి పొలంలో ఉన్నాననుకుని నీళ్లు మళ్లిస్తున్నట్టు చేతులు తిప్పుతాడు. భార్యను చూసి ఎవరు నువ్వంటాడు. ఒళ్లు కాలిపోతుంటుంది, బట్టలు తడిసేలా చెమట, గుండె పరుగులు తీస్తుంది. దీనికి వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మన పల్లెల్లో దీన్ని చూసి గాలి సోకిందంటారు. తాయెత్తు కోసం మనిషిని పంపేలోపు విలువైన గంటలు పోతాయి. కసుమూరు దర్గాకు మొక్కు ఉంటే మనిషి తేరుకున్నాక వెళ్లి తీర్చుకోండి. ఆ రాత్రి మాత్రం 108.

ఇవి కనిపించినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి: కళ్లు ఒకవైపు నిలవకుండా కదలడం లేదా ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట పొంతన లేకపోవడం. చుక్క ముట్టకుండానే తాగినవాడిలా కనిపిస్తాడు. బి1 విటమిన్, అంటే థయమిన్, బాగా తగ్గిపోవడం వల్ల వచ్చే మెదడు జబ్బు ఇది. వెంటనే బి1 ఇంజెక్షన్ రూపంలో ఇస్తే కోలుకోవచ్చు, ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినొచ్చు. ఏళ్ల తరబడి తాగేవాళ్లు అన్నం సరిగా తినరు, తిన్నదాంట్లోని బి1 కూడా ఒంటికి సరిగా పట్టదు. అందుకే నీరసంగా ఉందని ఊళ్లో సెలైన్ ఎక్కించుకునే ముందు అడగండి. చాలాసార్లు అందులో గ్లూకోజ్ ఉంటుంది. బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్త బి1 కూడా ఖర్చయిపోయి ఈ జబ్బు ముదరొచ్చు. “ముందు బి1 ఇవ్వండి” అన్న ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

తిండి సంగతి తేలిక. మొదటి రోజు గంజి, పల్చటి మజ్జిగ, చారన్నం, రాగి జావ, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు. కాఫీ, టీ తగ్గించండి, దడ పెంచుతాయి. చేపల పులుసు నాలుగో రోజు తినొచ్చు. చేప వేపుడు మాత్రం కొన్నాళ్లు వద్దంటాను. ఎన్నేళ్లుగానో గ్లాసు పక్కన ఉన్నది అదే, ఆ వాసనకే నోరు మందు అడుగుతుంది.

డాక్టర్ ఇచ్చే మాత్రలు మామూలుగా క్లోర్‌డయాజిపాక్సైడ్ గానీ డయాజిపామ్ గానీ అయి ఉంటాయి, లివర్ దెబ్బతిన్నవాళ్లకు లోరాజిపామ్. తూలిపోతున్న మెదడును పట్టి నిలిపేవి ఇవి. రోజురోజుకూ తగ్గించుకుంటూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. రాసిన లెక్క ప్రకారం ఇంట్లోవాళ్లే చేతికివ్వాలి. పక్కింటాయనకు ఇచ్చిన చీటీతో కొనుక్కోకూడదు. ఈ మాత్రల మీద మందు పడితే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది.

అన్నంలో, కాఫీలో తెలియకుండా కలిపే మాత్రల గురించి ఆడవాళ్లు తరచూ అడుగుతారు. అది డైసల్ఫిరామ్ అయితే, తెలియక దాని మీద తాగిన మనిషికి ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావొచ్చు. ఆయనకు తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ పరీక్షించాకే వాడాల్సిన మాత్ర అది. మీ కష్టం నాకు తెలుసు. అయినా చాటుగా మాత్రం కలపొద్దు.

మాత్రలు వణుకును ఆపుతాయి గానీ సాయంత్రం ఆరింటికి లాగే లాగుడును పూర్తిగా ఆపవు. దాన్ని దాటడం నేర్చుకునే విద్య. ఆ కోరిక ఎక్కి, ఒక దశకు చేరి, సాధారణంగా అరగంటలోపు దిగుతుంది. పొద్దుగూకే వరకు ఆగాలి, జీవితాంతం ఆగాలి అనుకుంటే ఎవరివల్లా కాదు. కోరిక మొదలవగానే పుస్తకంలో టైము రాయండి. కడుపు ఖాళీగా ఉంటే వెంటనే ఏదైనా తినండి. కూర్చున్న చోటు నుంచి లేచి తోడున్న మనిషితో వీధి చివరిదాకా నడవండి, దుకాణం లేని వైపు. చల్లటి నీళ్లతో స్నానం చేసినా మంచిదే. పిలకాయల్ని పిలిచి హోంవర్క్ చేయించండి, మాటలో పడతారు. తగ్గాక మళ్లీ టైము రాయండి. మూడో సాయంత్రానికి మీ కోరిక నిడివి ఎన్ని నిమిషాలో మీ చేతి రాతలోనే ఉంటుంది. రేపటి సాయంత్రం దాన్ని చూసుకుంటే ధైర్యం వస్తుంది.

స్నేహితుడి ఫోను తప్పదు. “ఏం బావా, రెండ్రోజులుగా కనపడలా?” అంటాడు. తత్వం చెప్పబోకండి, వాదన అవుతుంది. “ఒంట్లో బాగలేదు బావా. డాక్టర్ మాత్రలిచ్చాడు, వాటి మీద చుక్క పడితే ప్రాణం మీదకొస్తదంట” అనండి. నిజమే కదా. ఈ మాటను ముందే రెండుసార్లు పైకి అని అలవాటు చేసుకోండి.

ఇంట్లోవాళ్లకు ఒక మనవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చదువు బడిలో కూర్చుని, అక్కడి మాటలతోనే లేచి, ఊళ్లో సారా అంగడి మూయించారు. వాళ్ల వెనక జిల్లా కదిలింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. అంతటి పోరాట శక్తి ఉన్నవాళ్లే అయినా ఈ మూడు రోజులు మాత్రం పోరాటం పక్కన పెట్టండి. పాత అప్పులు, అమ్మేసిన గాజులు, పోయిన పరువు – అన్నీ నిజమే, అడిగే హక్కూ మీకుంది. వారం తర్వాత అడగండి. పిల్లల తల మీద ఒట్టు వేయించొద్దు. మధ్యలో తప్పితే ఆ ఒట్టు భయానికే దాచి తాగుతాడు, మనకు అసలు సంగతి తెలియకుండా పోతుంది.

మధ్యలో తాగేస్తే? ఎంత తాగారో, ఎన్నింటికో రాసి డాక్టర్‌కు ఫోన్ చేయండి, మాత్రలు కొనసాగించాలో లేదో ఆయనే చెప్తారు. మీ అంతట మీరు మళ్లీ మర్నాడు హఠాత్తుగా ఆపేయొద్దు. ఇలా పదే పదే ఆపుతూ తాగుతూ ఉంటే ప్రతిసారీ వణుకు, ఫిట్స్ ముప్పు ముందటికంటే పెరుగుతాయి.

వచ్చే పాఠానికి పని: మూడు రాత్రులకూ ఒక్కో పేజీ గీయండి. కోరిక ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు దిగింది, అప్పుడు ఏం చేశారు, ఎన్ని గంటలు నిద్రపోయారు, ఏం తిన్నారు. తోడున్నవాళ్లు చూసినవి వాళ్ల చేత వేరే రంగు పెన్నుతో రాయించండి. వణుకు పోయాక కూడా రెండు మూడు వారాలు నిద్ర సరిగా పట్టదు, చాలామంది మళ్లీ గ్లాసు పట్టేది అక్కడే. మూడో పాఠం ఆ నిద్ర గురించి.