నాలుగు థ్రాటిల్ బాడీలున్న ఇంజిన్‌లో గంతులేసే మ్యాప్ రీడింగ్‌ను నిలపడం ఎలా?

కారు ఇంజిన్‌కు సిలిండర్‌కో థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) బిగిస్తే శబ్దం, పికప్ రెండూ అదిరిపోతాయి. తంటా అంతా ఐడిలింగ్‌లోనే, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగేటప్పుడే. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ రీడింగ్ ఒకచోట నిలవదు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, దాన్నే నమ్మి పెట్రోల్ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పోస్తుంది.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ 900 ఆర్‌పీఎంలో ఉంటే ఒక్కో సిలిండర్ సెకనుకు ఏడున్నర సార్లే గాలి పీలుస్తుంది. మిగతా సమయంలో థ్రాటిల్ సందులోంచి గాలి చొరబడి ఆ కాస్త వ్యాక్యూమ్ పడిపోతుంది. మామూలు ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లూ మానిఫోల్డ్ అనే ఒకే గాలి గొట్టంలోంచి పీలుస్తాయి కాబట్టి ఆ ఎగుడుదిగుడు అంతగా కనబడదు. మానిఫోల్డ్ చేసే ఆ పనికి మనం ఒక చిన్న డబ్బా పెడతాం.

ముందు వ్యాక్యూమ్ గేజ్‌తో నాలుగు థ్రాటిల్ బాడీలనూ సమానం చేయండి. పగిలిన హోస్, వదులైన క్లిప్ ఉంటే మార్చండి. ఇది చేయకుండా డబ్బా పెడితే జబ్బును దుప్పటి కింద దాచినట్టే.

తర్వాత ఒక్కో థ్రాటిల్ బాడీలో బటర్‌ఫ్లైకీ (గాలిదారిని తెరిచి మూసే పలక) ఇంజిన్‌కీ మధ్య నుంచి ఒక్కో హోస్ తీయండి. నాలుగూ ఒకే పొడవు ఉండాలి. రబ్బరు వ్యాక్యూమ్ హోసే వాడండి. నేను మొదట చేపల తొట్టి పైపు వాడాను. ఇంజిన్ వేడికి మెత్తబడి, లోపలికి పీల్చుకుని, అప్పడంలా అతుక్కుపోయింది!

నాలుగు హోస్‌లనూ బొటనవేలు లావు, నాలుగంగుళాల పొడవున్న అల్యూమినియం గొట్టానికి కలపండి. ఇదే మన డబ్బా. దాని పైభాగం నుంచి సెన్సర్‌కు ఒక హోస్ వెళ్లాలి. సెన్సర్ ఎత్తులో ఉంటే పెట్రోల్ తడి దాని దాకా ఎక్కదు.

అసలు కిటుకు సన్నటి రంధ్రంలో ఉంది. నాలుగు హోస్‌లలోనూ సన్నటి రంధ్రమున్న బిరడా ఒక్కోటి దూర్చాలి. మిగ్ వెల్డింగ్ టిప్‌ను చిన్న ముక్కలుగా కోస్తే చాలు, రంధ్రం ఇంచుమించు 1 మి.మీ. ఉంటుంది. కోసిన అంచు ఆకురాయితో నున్నగా చేసి, రజను పూర్తిగా ఊదేయండి. మరీ సన్నం చేస్తే రీడింగ్ గీత గీసినట్టు వస్తుంది కానీ, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కినప్పుడు ఈసీయూకు కబురు ఆలస్యంగా అందుతుంది, బండి ఒక్క క్షణం ముక్కుతుంది. అందుకే కొంచెం వెడల్పు రంధ్రంతో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రండి.

ప్రతి మార్పు తర్వాతా లాగ్ (ఈసీయూ నమోదు చేసే రీడింగ్‌ల గ్రాఫ్) తీయండి. థ్రాటిల్ గీత లేచిన వెంటనే మ్యాప్ గీత కూడా లేవాలి. వెనకబడితే రంధ్రం పెంచండి.

ఇంకా కాస్త వణుకు మిగిలితే అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఫిల్టర్ పెట్టండి. మెగాస్క్విర్ట్ అనే ఈసీయూలో మ్యాప్ ల్యాగ్ ఫ్యాక్టర్ 100 అంటే ఫిల్టర్ లేనట్టు. కొద్దికొద్దిగా దించండి. రీడింగ్ మారింది కాబట్టి ఐడిలింగ్ దగ్గరి ఫ్యూయల్ టేబుల్ (ఎప్పుడు ఎంత పెట్రోల్ పోయాలో చెప్పే పట్టిక) మళ్లీ ట్యూన్ చేయక తప్పదు.

ఇంజిన్ వ్యాక్యూమ్‌తో బ్రేక్‌కు బలమిచ్చే బ్రేక్ బూస్టర్ హోస్‌ను మాత్రం ఈ డబ్బాకు తగిలించకండి. బ్రేక్ తొక్కినప్పుడల్లా రీడింగ్ ఎగురుతుంది, పైగా ఆ సన్నటి రంధ్రాలతో బ్రేక్‌కు చాలినంత వ్యాక్యూమ్ అందదు. దానికి గాలిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్‌తో వేరే లైన్ వేయండి.