తుఫాను రాత్రి ఇంట్లో ఇంటర్నెట్ ఆగకుండా: ఫైబర్ కేబుల్, బ్యాటరీ లెక్క

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కరెంటుతోపాటు ఫోన్లూ మూగబోయాయి. నగరంలోని తమవారి క్షేమం తెలియక బయటి ఊళ్ళలో బంధువులు పడిన వేదన మళ్ళీ ఏ ఇంటికీ రాకూడదన్న కోరికతోనే ఈ విషయాలు వివరంగా రాస్తున్నాను.

పాత ల్యాండ్‌లైనుకు ఎక్స్ఛేంజి నుంచి రాగి తీగ మీదే 48 వోల్టుల విద్యుత్తు వచ్చేది కాబట్టి, ఇంట్లో కరెంటు లేకపోయినా ఫోను మోగేది. ఫైబర్‌కు ఆ వెసులుబాటు లేదు. దానిలో సుమారు 9 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెడల్పున్న గాజు మార్గం గుండా కాంతి మాత్రమే ప్రయాణిస్తుంది. ఆ కాంతిని విద్యుత్ సంకేతాలుగా మార్చే పెట్టెకు మన ఇంట్లోనే కరెంటు కావాలి.

అందువల్ల ముందుగా తేల్చుకోవలసింది, ఆపరేటరు కార్యాలయానికీ మన గదికీ మధ్య కరెంటు అవసరమైన పరికరాలు ఎక్కడెక్కడ ఉన్నాయన్నది. ఫైబర్ నేరుగా ఇంట్లోకి వస్తే, దారిలో కాంతిని పలు ఇళ్ళకు పంచే స్ప్లిట్టరుకు కరెంటు అక్కరలేదు. అయితే కొన్ని అపార్ట్‌మెంట్లలో ఫైబర్ సెల్లారు దాకానే వచ్చి, అక్కడి నెట్‌వర్క్ స్విచ్ (ఇంటర్నెట్‌ను ఫ్లాట్లకు పంచే పెట్టె) నుంచి ఫ్లాట్లకు మామూలు లాన్ కేబుల్ వెళ్తుంది. అటువంటి చోట ఆ స్విచ్ ఆగిపోతే మన ఫ్లాటులో ఎంత పెద్ద బ్యాటరీ ఉన్నా ప్రయోజనం ఉండదు. దానిని జనరేటరు లైనుకు కలపమనీ, వాననీరు చేరని ఎత్తులో బిగించమనీ అసోసియేషన్‌ను పట్టుబట్టి అడగాలి.

ఇక బ్యాటరీ లెక్క. అడాప్టరు మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే ఆ పెట్టె గరిష్ఠంగా 12 వాట్లు తీసుకుంటుంది. వైఫై రౌటరు విడిగా ఉంటే దాని వాట్లూ కలపాలి. కరెంటు పోగానే బ్యాటరీతో నడిపించేలా రౌటర్ల కోసం అమ్మే చిన్న యూపీఎస్‌ల మీద 10,000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్లు) అని చూసి మోసపోకూడదు. ఆ అంకె సాధారణంగా 3.7 వోల్టుల సెల్‌కు చెప్పేది కనుక అసలు నిల్వ 37 వాట్-అవర్లే. మార్పిడిలో పోయేది తీసేస్తే 12 వాట్ల పెట్టె సుమారు రెండున్నర గంటలు నడుస్తుంది. యూపీఎస్ వోల్టేజీ, ప్లగ్ ధ్రువత (ప్లస్, మైనస్ ఏ వైపు ఉన్నాయన్నది) అడాప్టరుతో సరిగ్గా కలవాలి. ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండవచ్చు.

ఇన్వర్టర్ ఉన్నవారికి కూడా ఈ చిన్న యూపీఎస్ అవసరమేనని నా అభిప్రాయం. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో కొన్ని రౌటర్లు ఆగి మళ్ళీ మొదలవుతాయి. యూపీఎస్‌ను ఇన్వర్టర్ ప్లగ్గుకు తగిలిస్తే ఆ అంతరాయం ఉండదు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) ఇన్వర్టర్ బ్యాటరీలో 1,800 వాట్-అవర్లు ఉన్నా, లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకపోవడం మంచిది. 75 వాట్ల ఫ్యాన్లు మూడు తిరిగితే ఆ సగం నాలుగు గంటల్లో అయిపోతుంది. తుఫాను రాత్రి ఒక్క ఫ్యానుతో సరిపెట్టుకోవాలి. సముద్రపు గాలికి టెర్మినళ్ళు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి వాటిని శుభ్రం చేసి పెట్రోలియం జెల్లీ రాయడం మరవకూడదు.

ఫైబర్ కేబుల్‌ను 3 సెంటీమీటర్ల వ్యాసార్థం కన్నా బిగువుగా వంచకూడదు, మేకులు కొట్టి నొక్కకూడదు. ఆకుపచ్చ కనెక్టరు కొన 8 డిగ్రీల ఏటవాలుగా ఉంటుంది కనుక దానిని నీలం రంగు దానితో కలపరాదు. ఊడిన కొనలోకి కంటితో చూడడం ప్రమాదకరం, ఆ కాంతి మనకు కనిపించదు.

పెట్టెకు కరెంటు ఉండి, LOS అని రాసిన చోట ఎర్ర దీపం వెలిగితే కాంతి అందడం లేదని అర్థం. కేబుల్ తెగిందేమో చూడవలసినది ఆపరేటరే. ఆ ఫోను నంబరు కాగితం మీద కూడా రాసి ఉంచాలి. వీధిలో పడిన కేబుల్‌ను మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. గాజులో విద్యుత్తు లేకపోయినా, కేబుల్‌ను మోసే ఇనుప తీగ కరెంటు తీగకు తగిలి ఉండవచ్చు.

అక్టోబరు, నవంబరు తుఫాన్లకు ముందే, సెప్టెంబరులో ఒక సాయంత్రం మెయిన్ ఆపి, ఇంటర్నెట్ ఎన్ని గంటలు నిలిచిందో గడియారం చూసి రాసుకోండి.