రంజాన్ నెలలో ఇల్లు నడపడం ఎలా? ఇఫ్తార్‌కి అరగంట ముందే స్టవ్ ఆర్పేసే పద్ధతి

రోజా (ఉపవాసం) విప్పే ముందు అడిగే దువాకి, అంటే ప్రార్థనకి, చాలా విలువ ఉందని పెద్దలు చెబుతారు. సరిగ్గా ఆ వేళకి మన ఇళ్ళల్లో అమ్మ ఎక్కడుంటుంది? బజ్జీల మూకుడు ముందు. అజాన్ వినిపిస్తుంటే చేతికి అంటిన శనగపిండి కడుక్కుంటూ, నిలబడే ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని మళ్ళీ రెండో వాయి తీయడానికి పోతుంది. రోజా ఆమెకీ ఉంది. పొద్దుటి నుంచీ నీళ్ళు తాగనిది ఆమె కూడా.

అందుకే ఈ నెలకి ఒక్కటే రూలు పెట్టుకోమంటాను: ఇఫ్తార్‌కి, అంటే సాయంత్రం రోజా విప్పే వేళకి, అరగంట ముందు స్టవ్ ఆరిపోవాలి. మిగతా పనులన్నీ ఆ అరగంటని కాపాడటానికే. వెనక నుంచి లెక్క వేసుకుంటూ వస్తే అదేమంత కష్టం కాదు.

1. పని షాబాన్‌లోనే మొదలుపెట్టండి

రంజాన్ కంటే ముందొచ్చే నెల షాబాన్. పోయిన ఏడు నెలసరి వల్లో కాన్పు వల్లో వదిలేసిన రోజాలు బాకీ ఉంటే ముందు వాటి సంగతి చూడండి. ఆడవాళ్ళకి ఇది ఏటా ఉండే లెక్కే. క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోకపోతే ఎన్ని మిగిలాయో గుర్తుండదు.

తర్వాత వంటిల్లు. అల్లం వెల్లుల్లి ముద్ద కాస్త ఉప్పు, నూనె వేసి నూరి ఐస్ ట్రేలో గడ్డ కట్టించి కవర్‌లో పోసుకుంటే నెలంతా ఒక్కో ముక్క తీసి వాడుకోవచ్చు. ఉల్లిపాయలు సన్నగా తరిగి ఎర్రగా వేయించి డబ్బాలో పెట్టుకోండి. ఖీమా సమోసాలు చుట్టి, ముందు పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్‌లో గట్టిపడనివ్వాలి. ఆ తర్వాతే కవర్‌లో వేయాలి, లేకపోతే అన్నీ అతుక్కుని ముద్దవుతాయి. వేయించేటప్పుడు కరగబెట్టకుండా నేరుగా నూనెలో వేయండి, మంట మధ్యస్థంగా ఉంచండి.

ఇంట్లో షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్ళుంటే రెండు మూడు వారాల ముందే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. మందుల వేళలు, ఇన్సులిన్ మోతాదు సొంతంగా మార్చకూడదు. షుగర్ చూసుకోవడానికి వేలు గుచ్చితే రోజా పోతుందేమోనని మా పెద్దవాళ్ళు తెగ భయపడతారు. పోదు. 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా వెంటనే విప్పేయాలన్నది డాక్టర్లు చెప్పే మాట. అత్తమ్మ వినకపోతే ఆ మాట డాక్టర్ చేతే చెప్పించండి. కోడలు చెబితే అది నసలాగే వినిపిస్తుంది.

బట్టల పని కూడా ఇప్పుడే. రంజాన్ సగానికి వచ్చేసరికి టైలర్లు కొత్త బట్ట ముట్టుకోరు. చివరి పది రోజుల్లో చార్మినార్ దగ్గర రాత్రిపూట జనం చూడముచ్చటగానే ఉంటారు, చంకలో పిల్లాడితో బేరమాడటం మాత్రం వేరే సంగతి.

2. టైమ్ కార్డు గోడకి అంటించి, రోజుని దాని మీద పరచండి

మసీదుల్లో, దుకాణాల్లో సహరీ (రోజాకి ముందు తెల్లవారుజామున తినే భోజనం), ఇఫ్తార్ వేళల కార్డులు పంచుతారు. మీ ఊరిదే తీసుకోండి, పక్క జిల్లాకి కూడా నిమిషాల తేడా ఉంటుంది. హైదరాబాద్‌లో మార్చి మధ్యలో అయితే సహరీ ఐదుంబావు దగ్గర ముగుస్తుంది, ఇఫ్తార్ ఆరున్నరకి అటూ ఇటూ పడుతుంది. అంటే సాయంత్రం ఆరుకి స్టవ్ ఆరాలి. అసర్ నమాజ్ చదివి ఐదుకి వంటింట్లోకి వెళ్తే చేతిలో ఉన్నది ఒక గంట. ఆ గంటలో అయ్యేదే ఇఫ్తార్ వంట. అవ్వనిది ఆ రోజు మెనూలో లేనట్టే.

చాంద్రమానం కాబట్టి రంజాన్ ఏటా పది నుంచి పన్నెండు రోజులు ముందుకి జరుగుతుంది. మన దగ్గర 2023లో మార్చి 24న, 2024లో మార్చి 12న, 2025లో మార్చి 2న మొదటి రోజా. ఇలా పదో తరగతి పరీక్షలకి ఎదురెళ్ళి, మెల్లగా చలికాలంలోకి జారుతుంది. కాబట్టి పోయినేటి టైమ్ టేబుల్ ఈ ఏడు పనికిరాదు.

ఉద్యోగం చేసే తల్లులకి ఇంకో మాట. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ముస్లిం ప్రభుత్వ ఉద్యోగులు ఈ నెలలో గంట ముందు ఇంటికి వెళ్ళేలా ఉత్తర్వులు ఇస్తుంటారు. ప్రైవేటులో అయితే నెల మొదలవకముందే అడగండి. మధ్యాహ్నం భోజన విరామం వద్దు, ఆ సమయం సాయంత్రం ఇవ్వండి అంటే ఒప్పుకునేవాళ్ళు ఉంటారు.

నిద్ర సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ నెలని కుదేలు చేసేది అదే. తరావీహ్ (రంజాన్ రాత్రుల్లో చదివే నమాజ్) అయ్యి మగవాళ్ళు ఇంటికొచ్చేసరికి పదవుతుంది. అప్పుడు మళ్ళీ టీ, కబుర్లు అంటే పన్నెండు. నాలుగింటికి అలారం. ఇలా వారం గడిస్తే ఇంట్లో అందరికీ చిరాకే. పదిన్నరకి లైట్లు తీసేయండి. మధ్యాహ్నం జొహర్ నమాజ్ తర్వాత అరగంట పడుకోండి. ఆ వేళకి ఫోన్ చేసే చుట్టాలకి ముందే చెప్పేయండి.

3. సహరీ: ఇరవై నిమిషాల వంట

సహరీకి మా ఇళ్ళల్లో ఎప్పటి నుంచో ఉన్న జవాబు ఖిచిడీ, ఖట్టా. బియ్యం, మసూర్ పప్పు రాత్రే కడిగి కొలిచి కుక్కర్ పక్కన పెట్టుకుంటే, లేచాక నానబోసి, ముఖం కడుక్కుని వచ్చి పోపు పెట్టేయడమే. ఖట్టాకి పొయ్యి పని దాదాపు లేదు. నువ్వులు దోరగా వేయించి పొడి చేసి డబ్బాలో ఉంచుకోండి. చింతపండు రసంలో ఆ పొడి, తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు కలిపి, పైన ఎండుమిర్చి, జీలకర్ర, కరివేపాకు తాలింపు. రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టినా బాగుంటుంది, ఉల్లిపాయ మాత్రం అప్పటికప్పుడు వేయండి. పక్కన కోడిగుడ్డుతో ఖాగీనా ఉంటే పిల్లలు ఇంకేం అడగరు.

రాయలసీమ వైపు రాగి సంగటి, తెలంగాణలో జొన్నరొట్టె, ఎక్కడైనా పెరుగన్నం. ఇవన్నీ సహరీకి బిర్యానీ కంటే మేలు. ఆవకాయ, అప్పడాలు ఆ పూటకి బల్ల మీద పెట్టకండి, పది గంటలకే దాహం మొదలవుతుంది. నీళ్ళు చివర్లో ఒక్కసారిగా లీటరు తాగడం కాదు, ఇఫ్తార్ నుంచి పడుకునేదాకా కొంచెం కొంచెంగా తాగాలి.

గిన్నెలు అప్పుడే తోమకండి, నీళ్ళు పోసి వదిలేయండి. సహరీ ముగిసేలోపు ఆ పది నిమిషాలు కూడా మీవే.

4. ఇఫ్తార్: మూడే మూడు

రోజుకి నూనెలో వేగింది ఒకటి, పండు ఒకటి, శనగలో పెసలో ఒకటి. ఇంతే. ఇవాళ పకోడీ అయితే సమోసా రేపు. పుచ్చకాయ ఉన్న రోజు ఫ్రూట్ సలాడ్ అక్కర్లేదు. ‘ఇంతేనా?’ అని మొదటి రెండు రోజులు ఇంట్లో మొహాలు పెడతారు. మూడో రోజుకి వాళ్ళకే తెలుస్తుంది, ఖర్జూరం, షర్బత్, నాలుగు పకోడీలు తిన్నాక కడుపులో చోటు ఉండదని.

శనగలు సహరీ వేళ నానబోస్తే సాయంత్రం ఐదుకి కుక్కర్‌కి సిద్ధంగా ఉంటాయి. దహీ వడలకి వడలు ముందు రోజు వేయించి ఉంచుకుని, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు పిండేసి పెరుగులో వేయొచ్చు. సబ్జా గింజలకి పావుగంట చాలు, ఆ పని పిల్లలకి అప్పజెప్పండి. అవి నీళ్ళలో పొంగుతూ ఒక్కో గింజ చుట్టూ తెల్లటి జిగురు పొర కట్టడం చూస్తూ కూర్చుంటారు, ఆ కాసేపు వంటింట్లోకి రారు.

ఉప్పు ఎలా చూడాలన్నది కొత్త కోడళ్ళ మొదటి టెన్షన్. అవసరమైతే నాలుక కొసకి తగిలించి, మింగకుండా ఉమ్మేయొచ్చని ఆలిములు (మత పండితులు) చెబుతారు. రోజా లేని చిన్నోడిని పిలిచి చెంచాతో నాకిస్తే ఇంకా తేలిక. వాడు ‘ఇంకొంచెం’ అంటే ఉప్పు సరిపోయినట్టు.

మసీదులో గంజి పంచే ఊరైతే డబ్బా పట్టుకుని పిల్లల్ని పంపండి. నెయ్యి, మిరియాలు, ఖీమా పడ్డ ఆ గంజి ఉంటే ఇంట్లో ఒక వంటకం తగ్గినట్టే. హలీమ్‌ని ఇంట్లో చేయాలనే పట్టుదల వదిలేయండి. మటన్, గోధుమలు గంటల తరబడి ఉడికి, కర్రతో దంచితేనే ఆ జిగురు వస్తుంది. అది బట్టీ మీద చేసేవాళ్ళ పని, నెలలో ఒక రోజు కొనుక్కుని తినండి.

ఆరు కాగానే స్టవ్ కట్టండి. బల్ల సర్దడం, గ్లాసులు నింపడం, పక్కింటివాళ్ళకి పళ్ళెం ఇచ్చి రావడం ఇంటాయనవీ పిల్లలవీ. ఈ మాట నెల మొదటి రోజే చెప్పాలి, పదో రోజు కోపంలో చెబితే గొడవవుతుంది.

5. పిల్లల రోజాలు

పిల్లలకి యుక్తవయసు వచ్చేదాకా రోజా తప్పనిసరి కాదు. వాళ్ళేమో పోటీపడతారు. ఏడెనిమిదేళ్ళ వాళ్ళకి చిడియా రోజా పెట్టించండి, అంటే మధ్యాహ్నం దాకా ఉండి అన్నం తినేయడం. మొదటి పూర్తి రోజా ఆదివారం పెట్టుకోండి, స్కూలు ఉన్న రోజు వద్దు. కళ్ళు తిరుగుతున్నాయన్నా, మూత్రం బాగా పచ్చగా వస్తోందన్నా ఇంకేం ఆలోచించకుండా విప్పించేయండి. మరిచిపోయి నీళ్ళు తాగేసి ‘అమ్మీ, నా రోజా పోయిందా?’ అని ఏడుస్తూ వస్తే పోలేదని చెప్పండి. మరుపున తిన్నా తాగినా రోజా చెడదు.

మొదటి రోజాకి చేసే రోజా కుషాయీ ఈ మధ్య చిన్న పెళ్ళిలా తయారైంది. పూలదండ, కొత్త బట్టలు, ఇంటివాళ్ళు, వాడికిష్టమైన ఒక వంటకం చాలు.

6. అమ్మకి రోజా లేని రోజులు

నెలసరిలో రోజా ఉండకూడదు, ఆ రోజులు తర్వాత తీర్చుకుంటారు. కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు తమకో బిడ్డకో ఇబ్బంది అనిపిస్తే వదిలి తర్వాత ఉండొచ్చు. ఇవన్నీ అందరికీ తెలిసినవే. అయినా ఆ రోజుల్లో వంటింటి తలుపు వెనక నిలబడి, మామగారో మరిదో వస్తాడేమోనని బిక్కుబిక్కుమంటూ రెండు ముద్దలు మింగే ఆడవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాకిది అస్సలు నచ్చదు. తినే వీలు దేవుడిచ్చాక దొంగతనంగా తినాల్సిన పనేముంది? రోజా ఉన్నవాళ్ళ ఎదురుగా పళ్ళెం పెట్టుకోకపోవడం మర్యాద, అంతవరకే. పడగ్గదిలో ఒక నీళ్ళ సీసా, ఒక టిఫిన్ డబ్బా పెట్టుకోండి. ఎదిగిన కొడుకు ‘అమ్మీ, ఇవాళ నీకు రోజా లేదా?’ అని అడిగితే ‘లేదు నాన్నా’ అని మామూలుగా చెప్పండి, వాడూ మామూలుగానే వింటాడు.

7. డబ్బు లెక్క

రంజాన్ ఖర్చు ఇంటి ఖర్చులో కలిపేస్తే పండగ నాటికి చేతిలో ఏమీ మిగలదు. కిరాణా, బట్టలు, ఈదీ (పండగకి పిల్లలకిచ్చే డబ్బు), ఫిత్రా (పండగ ముందు పేదలకిచ్చే దానం) వేరువేరు కవర్లలో పెట్టండి. జకాత్ అంటే సొమ్ము ఉన్నవాళ్ళు ఏటా ఇవ్వాల్సిన దానం. దాని కొలత 87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి. సొమ్ము ఆ కొలతకి చేరి చాంద్రమాన ఏడాది గడిస్తే మొత్తం మీద రెండున్నర శాతం. మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో ఒంటి మీద వేసుకునే నగలకీ ఇది వర్తిస్తుంది. ఆ నగలు మీవైతే జకాత్ బాధ్యతా మీదే, ఇంటాయన ఇస్తే అది ఆయన మంచితనం. నగల రసీదులు బయటికి తీసి, ఆ రోజు ధర చూసి, సందేహం ఉన్నచోట ఆలిముని అడగండి.

ఫిత్రా తలకింత, పొత్తిళ్ళలో పాప కూడా లెక్కలోకి వస్తుంది. ఎంతన్నది మసీదులో చెబుతారు. ఈద్ నమాజ్‌కి ముందే చేరాలి. రెండు మూడు రోజుల ముందే ఇచ్చేస్తే తీసుకున్నవాళ్ళింట్లోనూ పండగ సామాను కొనుక్కునే వీలుంటుంది.

8. చాంద్ రాత్, షీర్ ఖుర్మా

నెలవంక కనిపిస్తుందో లేదో రాత్రి దాకా తేలదు కాబట్టి ఇరవై తొమ్మిదో రోజా నాడే సిద్ధం కావాలి. పండగ పాయసం షీర్ ఖుర్మాకి కావాల్సినవి ఇవి: రెండు లీటర్ల చిక్కటి పాలకి 100 గ్రాముల సన్న సేమియా, పదిహేను ఎండు ఖర్జూరాలు, 50 గ్రాముల సారపప్పు, గుప్పెడేసి జీడిపప్పు, పిస్తా, కిస్‌మిస్, 200 గ్రాముల చక్కెర. ఖర్జూరాలు నానబోసి గింజ తీసి సన్నగా చీలికలు చేయాలి. సారపప్పుని వేడినీళ్ళలో పది నిమిషాలు ఉంచి గరుకు గుడ్డలో వేసి రుద్దితే పొట్టు వదులుతుంది. ఈ ఒక్క పనికి పిల్లలు, అత్తమ్మ, ఆడపడుచు అందరూ కూర్చోవాలి, ఒక్కరు చేస్తే తెల్లారిపోతుంది.

పప్పులు, ఖర్జూరాలు, సేమియా విడివిడిగా నేతిలో వేయించి రాత్రే పెట్టుకోండి. పొద్దున పాలు కాచి ముప్పావు వంతు అయ్యాక ఖర్జూరాలు, పప్పులు వేసి సన్నమంట మీద ఉంచండి. తర్వాత చక్కెర, యాలకుల పొడి. సేమియా చివర్న, ఈద్గాకి పండగ నమాజ్ చదవడానికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చే వేళకి వేసి ఐదు నిమిషాల్లో దించేయండి. మధ్యాహ్నం స్నేహితులు, పక్కింటివాళ్ళు వచ్చేసరికి అది గట్టిపడి ఉంటుంది. అర లీటరు పాలు విడిగా కాచి ఉంచుకుంటే, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు కాసిని పోసి పలచన చేసి వేడిగా ఇవ్వొచ్చు.