పాత కంప్యూటర్‌లో సర్టిఫికెట్ ఎర్రర్: సైట్‌ను తిట్టే ముందు తేదీ చూడండి

"సర్వర్ డౌన్ ఉన్నట్టుందన్నా, ఒక్క సైట్ కూడా ఓపెన్ అయితలేదు." నల్లగొండలోని మా రిపేర్ షాపుకు వారానికి రెండు మూడు ఫోన్లు ఇలాగే మొదలవుతాయి. ఫోన్‌లో తెరిచి చూశావా అని అడిగితే "ఫోన్ల మంచిగనే వస్తుంది" అంటారు. ఫోన్‌లో వచ్చేది కంప్యూటర్‌లో రావడం లేదంటే తప్పు సర్వర్‌ది కాదు, మీ ముందున్న డబ్బాది.

తర్వాత నేను అడిగేది ఒక్కటే. స్క్రీన్ కింద కుడి మూలన తేదీ ఎంతుంది? టైమ్ కాదు, తేదీ. అందులోనూ సంవత్సరం. "కరెక్టే ఉందన్నా" అని చూడకుండానే చెప్పేస్తారు. గడియారం మీద మౌస్ పెట్టి చదివి చెప్పమంటే కాసేపు చప్పుడు ఉండదు. తర్వాత "అన్నా, 2009 చూపిస్తుంది" అంటారు. బ్రౌజర్ మార్చి, యాంటీవైరస్ తీసేసి, రూటర్ రెండుసార్లు ఆపి వేసి, అన్నీ అయ్యాక చివరికి చూసేది ఇది. మొదట చూడాల్సిందీ ఇదే.

సర్టిఫికెట్ అంటే ఇది అసలు సైటేనని బ్రౌజర్‌కు చూపించే గుర్తింపు కార్డులాంటిది. ప్రతి సైట్ సర్టిఫికెట్‌కూ ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని గడువుంటుంది. బ్రౌజర్ దాన్ని మీ కంప్యూటర్ తేదీతో పోల్చుకుంటుంది. మిషన్ 2009లో ఉంటే ఇప్పటి సర్టిఫికెట్లన్నీ దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. అందుకే గూగుల్‌తో సహా ఏదీ తెరుచుకోదు. క్రోమ్ అయితే "యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్" అని చెప్పేస్తుంది కూడా, కానీ ఆ పేజీని చదివేదెవరు? తేడా ఒకటి రెండు నెలలే అయితే ఇంకా తికమక. సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ల మామూలు సర్టిఫికెట్ల గడువు 90 రోజులే కాబట్టి, ఈమధ్య కొత్తది తీసుకున్న సైట్లు రావు, మిగతావి వస్తాయి. అప్పుడు అందరూ సైట్‌నే అనుమానిస్తారు.

తేదీ సరిచేసి బ్రౌజర్ మూసి తెరిస్తే సగం కేసులు అక్కడికక్కడే అయిపోతాయి. మిగతా సగం తెల్లారి మళ్లీ ఫోన్ చేస్తాయి.

సరిచేసిన తేదీ తెల్లారేసరికి మళ్లీ వెనక్కి పోతే

ఈ విషయంలో నేను బాగా దెబ్బ తిన్నాను. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసు, విండోస్ 7 మిషన్. జీఎస్టీ రిటర్న్ వేసే 20వ తేదీ దగ్గరపడింది, సైట్ రావడం లేదు, లెక్కలు చూసే ఆయనకు టెన్షన్. వెళ్లి తేదీ మార్చి, టీ తాగి వచ్చాను. తెల్లారి ఫోన్: "అన్నా, రాత్రి మంచిగనే ఉండె, పొద్దుగాల మళ్ల అదే కథ."

కరెంటు లేనప్పుడు లోపలి గడియారాన్ని నడిపే మదర్‌బోర్డు మీది సెల్లు అయిపోయిందేమోనని నాకు అనుమానం రాకపోలేదు. సీపీయూ షాపుకు తెచ్చి రెండు రోజులు పెట్టుకున్నాను. పదిసార్లు షట్‌డౌన్ చేసి ఆన్ చేశాను. తేదీ నిమిషం కూడా తప్పలేదు. అంటే సెల్లు బాగుంది, విండోస్‌లోనే ఏదో తేడా అనుకుని ఫార్మాట్ కొట్టి, టాలీ డేటా ఎక్కించి, తీసుకెళ్లి పెట్టాను. మరుసటి రోజు పొద్దున మళ్లీ 2009.

మూడోసారి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. ఆఫీసు మూసేటప్పుడు వాచ్‌మన్ వచ్చి గోడ మీది స్విచ్‌లన్నీ టకటకా తీసేశాడు. ఎప్పుడో షార్ట్ సర్క్యూట్ అయిందట, రాత్రి ఒక్క స్విచ్ కూడా ఆన్‌లో ఉండొద్దని సేటు ఆర్డర్.

అప్పుడు వెలిగింది. షట్‌డౌన్ చేసినా గోడ స్విచ్ ఆన్‌లో ఉంటే పవర్ సప్లై నుంచి మదర్‌బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది. లోపలి గడియారం దానితోనే నడుస్తుంది, సెల్లుతో పని పడదు. స్విచ్ తీసేశాకే భారమంతా సెల్లు మీద పడుతుంది. మా షాపులో టేబుల్ దగ్గరి స్విచ్ ఎవరూ ముట్టుకోరు. అందుకే చచ్చిన సెల్లు కూడా నా దగ్గర పరీక్ష పాసైంది. ఫార్మాట్ చేసింది దండగ. దానికి డబ్బులు కూడా అడగలేకపోయాను.

కాబట్టి పరీక్ష ఇలా చేయాలి. తేదీ సరిచేసి, షట్‌డౌన్ చేసి, సీపీయూ వెనక కేబుల్ పీకేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున తేదీ పోయిందా, సెల్లు మార్చడమే. మల్టీమీటర్ ఉంటే కొత్త సెల్లు 3 వోల్టులు లేదా కాస్త పైన చూపిస్తుంది. 2.8 కంటే కిందికొస్తే నేనైతే ఉంచను.

చాలా డెస్క్‌టాప్‌లలో ఉండేది సీఆర్ 2032, రూపాయి బిళ్లలాంటిది, ఎలక్ట్రికల్ షాపులో కూడా దొరుకుతుంది. కేబుల్ పీకాకే పెట్టె విప్పండి. పక్కన ఉన్న చిన్న క్లిప్పును నొక్కితే సెల్లు పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టండి. తర్వాత విండోస్‌లోకి కాదు, ముందు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెర) వెళ్లి తేదీ పెట్టండి. అక్కడే హార్డ్‌డిస్క్ మోడ్ కూడా చూసుకోండి. సెల్లు తీసినప్పుడు బయోస్ సెట్టింగులు మొదటికొచ్చి, ఏహెచ్‌సీఐ కాస్తా ఐడీఈగా మారితే విండోస్ నీలం తెర చూపిస్తుంది. హార్డ్‌డిస్క్ పోయిందని కంగారుపడకుండా మోడ్ తిరిగి మార్చండి.

"ఇంటర్నెట్ టైమ్ టిక్ పెట్టే ఉంది కదన్నా, అదే సరిచేసుకోవాలి కదా" అంటారు. చేసుకోదు. మామూలు ఇంటి, ఆఫీసు మిషన్‌లో విండోస్ 7 వారానికోసారి మాత్రమే టైమ్ అడుగుతుంది. పైగా తేడా 15 గంటలు దాటితే దాన్ని నమ్మకుండా వదిలేస్తుంది. ఏళ్ల తేడా ఉన్నప్పుడు ముందు మీ చేత్తో తేదీ దగ్గరికి తేవాల్సిందే. టైమ్ జోన్ కూడా ఇండియాదేనా, అమెరికాదా అని ఒకసారి చూడండి. జోన్ అమెరికా పసిఫిక్‌లో ఉంచి గంటలు మాత్రం మన టైముకు తిప్పుకుంటే పైకి సరిగ్గానే కనిపిస్తుంది, లోపల పూట తేడా ఉంటుంది.

ల్యాప్‌టాప్‌లోనూ ఇదే కథ. పెద్ద బ్యాటరీ చచ్చి, చార్జర్ మీదే నడిచే ల్యాప్‌టాప్‌కు చార్జర్ పీకడమంటే గోడ స్విచ్ తీయడమే. అందులో సెల్లు వైరుతో చుట్టి ఉంటుంది. అలవాటు లేకపోతే విప్పొద్దు.

తేదీ సరిగ్గానే ఉన్నా కొన్ని సైట్లే రాకపోతే

ఎర్రర్ చివర "అథారిటీ ఇన్‌వాలిడ్" అని ఉంటే, సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లు ఎవరో మీ కంప్యూటర్‌కు తెలియడం లేదని అర్థం. మిగతా సర్టిఫికెట్లను నమ్మడానికి ఆధారంగా కంప్యూటర్ దాచుకునే మూల సర్టిఫికెట్‌ను రూట్ అంటారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆనుకుని ఉన్న పాత రూట్ సర్టిఫికెట్ 2021 సెప్టెంబరు 30న గడువు తీరిపోయింది. అప్‌డేట్లు ఆపేసిన విండోస్ 7 మిషన్లు చాలావరకు ఆ దెబ్బకే పడ్డాయి. తేలిక దారి ఫైర్‌ఫాక్స్. అది విండోస్ జాబితా మీద ఆధారపడదు, రూట్లు తనతోనే తెచ్చుకుంటుంది. విండోస్ 7కు పనికొచ్చేది 115 ఈఎస్ఆర్. క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది.

విండోస్ జాబితానే నమ్ముకునే, 109 కంటే పాత క్రోమే వాడాల్సి వస్తే వేరే కంప్యూటర్‌లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ సొంత సైట్ నుంచి వాళ్ల కొత్త రూట్ ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1 దించుకుని, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించండి. ఎక్కడ పెట్టాలని అడిగినప్పుడు విండోస్‌కే వదిలేయకుండా "ట్రస్టెడ్ రూట్" మీరే ఎంచుకోండి. వేరే అరలో పడితే ఎక్కించీ లాభం లేదు. ఎవరో వాట్సాప్‌లో పంపిన సర్టిఫికెట్ ఫైలు మాత్రం ఎక్కించొద్దు. దాని యజమాని మీ బ్యాంకు సైట్‌ను కూడా నకిలీ చేయగలడు. అలాగే "ముందుకు వెళ్లు" నొక్కి పని కానిచ్చే అలవాటు ఉంటే, కనీసం పాస్‌వర్డ్ కొట్టే సైట్లలో మానండి.

మిగతావి అరుదు. యాంటీవైరస్ హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ ఆపితే సైట్ వచ్చిందా, తప్పు దానిదే, కొత్త వెర్షన్ వేయండి. బస్టాండులోనో లాడ్జిలోనో వైఫైకి కలిపితే ముందు లాగిన్ పేజీ పూర్తి చేయండి. "నేమ్ ఇన్‌వాలిడ్" వస్తే అడ్రస్ సరిగ్గా కొట్టారో చూసుకోండి.

విండోస్ ఎక్స్‌పీ మిషన్ తెచ్చి ఇవన్నీ చేయమంటే నేను చేయను. దానికి ఫైర్‌ఫాక్స్ కూడా 2018లోనే ఆగిపోయింది. టాలీకి, బిల్లు ప్రింట్లకు వాడుకుని, నెట్ పని ఫోన్‌లో చూసుకోమంటాను.