పిల్లలకు ఆన్‌లైన్ జాగ్రత్తలు నేర్పాలంటే: హైస్కూలు టీచర్లకు ఐదు పీరియడ్ల పద్ధతి

ఏడాదికోసారి అసెంబ్లీలో గంటసేపు ఉపన్యాసం ఇప్పించి, "ఫోన్ జోలికి పోకండి" అని పంపేస్తే పిల్లల్లో మిగిలేది భయమే. భయపడిన పిల్లలు జరిగింది దాస్తారు. మోసగాడికి కావలసింది కూడా అదే. అందుకే ఏ జాగ్రత్త నేర్పినా దానికి ముందు నేర్పవలసింది, తప్పు జరిగిపోయాక కూడా వచ్చి చెప్పడం.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇది ఇంకా ముఖ్యం. తీరం ఊళ్ల నుంచి తండ్రులు వేటకని గుజరాత్‌లోని వెరావల్‌కు, మెట్ట ఊళ్ల నుంచి హైదరాబాద్, చెన్నైలకు పనులకు పోతారు. పిల్లలు అమ్మమ్మ, తాతల దగ్గర ఉంటారు. సిమ్ము తండ్రి పేరున ఉంటుంది, ఓటీపీ వచ్చే ఫోన్ ఇంట్లో ఉంటుంది, మెసేజ్ చదివి పెట్టేది ఎనిమిదో తరగతి పిల్ల. ఆ పిల్లకు నేర్పితే ఇల్లంతటికీ నేర్పినట్టే.

మొదలుపెట్టే ముందు పేరు రాయని చీటీలు తీసుకోండి. ఇంట్లో ఫోన్ ఎవరిది, ఏ యాప్‌లు వాడతారు, ఎప్పుడైనా ఏదైనా భయపెట్టిందా, ఎవరికి చెప్పారు? వీటితోపాటు "ఇష్టమైన వీడియో గురించి మూడు వాక్యాలు రాయండి" అని ఒకటి కలపండి. అది లేకపోతే కష్టం ఉన్నవాళ్ల పెన్నులే కదులుతాయి, పక్కవాళ్లు కనిపెట్టేస్తారు. చీటీలు స్టాఫ్‌రూమ్‌లో విప్పకండి. ఇంటికి పట్టుకెళ్లి చదివి, చించేయండి.

వారానికి ఒక పీరియడ్ చాలు. ఐదూ ఒకే రోజు పెడితే ఏదీ నిలవదు.

మొదటి పీరియడ్: మెసేజ్ చదవడం

పన్నెండు మెసేజ్‌లు కాగితం మీద ప్రింట్ తీయండి. వాటిలో ఐదు నిజమైనవి ఉండాలి. అన్నీ దొంగవైతే పిల్లలు ప్రతిదానికీ "ఫేక్" అనడం మాత్రమే నేర్చుకుంటారు. మన పిల్లలకు తగిలేవే పెట్టండి: "తల్లికి వందనం డబ్బు ఆగింది, ఈ లింకులో వివరాలు నింపండి", "భోగాపురం ఎయిర్‌పోర్టులో ఉద్యోగం, రిజిస్ట్రేషన్ 500 రూపాయలు", ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆటలో ఉచిత డైమండ్లు, పెళ్లి శుభలేఖ పేరుతో ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్లో యాప్ వేసేది), తుపాను బాధితులకు విరాళమంటూ ఒక క్యూఆర్ కోడ్. పక్కనే అసలైన బ్యాంకు మెసేజ్ ఒకటి. నలుగురేసి కూర్చుని ప్రతి కాగితానికీ మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఏం అడుగుతోంది? ఎందుకు తొందర పెడుతోంది? నొక్కితే ఎక్కడికి తీసుకెళ్తుంది?

మూడో ప్రశ్నకు చిరునామా చదవడం రావాలి. బోర్డు మీద పెద్దక్షరాలతో ఒక లింకు రాయండి. మొదట్లోని జంట స్లాష్‌లను వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి స్లాష్ దగ్గర ఆగాలి. అక్కడి నుంచి ఎడమవైపుకు, వెనక్కి చదవాలి. పదో తరగతి ఫలితాల అసలు సైటు "బీఎస్ఈ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్"; చివర గవ్ డాట్ ఇన్ ఉంది కాబట్టి ప్రభుత్వానిదే. "ఏపీ హైఫన్ గవ్ హైఫన్ ఇన్ హైఫన్ రిజల్ట్స్ డాట్ ఎక్స్‌వైజెడ్" చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ దాని చివర ఎక్స్‌వైజెడ్. అలాంటి పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. "తాళం గుర్తు ఉంది కదా మాస్టారూ" అని ఎవరో ఒకరు అడుగుతారు. దారిలో సమాచారాన్ని వేరేవాళ్లు చదవలేరని మాత్రమే తాళం చెబుతుంది. అవతల ఉన్నది దొంగ కాదని చెప్పదు.

దొంగ లింకులను క్లాసులోని డిజిటల్ ప్యానెల్ మీద నిజంగా తెరిచి చూపించకండి. క్లాసు వాట్సాప్ గ్రూపులో నమూనాగా కూడా పెట్టకండి. సాయంత్రానికి అది "స్కూలువాళ్లే పంపారు" అంటూ ఊరు చుట్టేస్తుంది.

రెండోది: డబ్బు

ఒక్క వాక్యం పదిసార్లు పలికించండి: డబ్బు రావడానికి పిన్ను కొట్టక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చెయ్యక్కర్లేదు. తర్వాత అట్టముక్కల మీద యాప్ తెర గీసి ఇద్దరితో ఆడించండి. ఒకరు "పొరపాటున మీకు 2,000 పంపాను, తిరిగి పంపండి" అని ఫోన్ చేసే మనిషి, ఇంకొకరు అమ్మమ్మ ఫోన్ పట్టుకున్న మనవడు. మన ఫోన్ తెరను అవతలివాళ్లకు చూపించే యాప్ వేసుకోమంటే వెంటనే ఫోన్ పెట్టేయాలి.

డబ్బు పోతే మొదటి ఫోన్ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి. అవతలి ఖాతా నుంచి డబ్బు ఇంకో ఖాతాకు వెళ్లిపోకముందే ఆపించాలి, అందుకే ప్రతి నిమిషమూ విలువైనదే. అక్కడ అడిగేవి: ఎంత, ఎప్పుడు, ఏ ఖాతా నుంచి, లావాదేవీ నంబరు. యూపీఐలో అది 12 అంకెలు. యాప్‌లో పాత చెల్లింపు తెరిచి ఆ నంబరు వెతికి పట్టుకోవడం ఇంటిపనిగా ఇవ్వండి.

మూడోది: ఖాతాలకు తాళం

ఇది ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని చేసేది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్, టూ స్టెప్ వెరిఫికేషన్, ఆరంకెల పిన్ను. అక్కడే ఈమెయిల్ కూడా ఇవ్వాలి. లేకపోతే పిన్ను మరిచిపోయిన రోజున ఏడు రోజులు ఆగాల్సి వస్తుంది. లింక్డ్ డివైసెస్‌లో తెలియని కంప్యూటర్ కనిపిస్తే లాగ్ అవుట్ కొట్టాలి. ఇన్‌స్టాగ్రామ్ ఖాతా 13 ఏళ్లు నిండినవారికే. ఉంటే ప్రైవేట్‌లో పెట్టించండి. పాస్‌వర్డ్‌కు పుట్టినతేదీ, ఊరి పేరు వద్దు. సంబంధం లేని నాలుగు మాటలు కలిపితే పొడవుగానూ ఉంటుంది, గుర్తూ ఉంటుంది. దాన్ని నోటుపుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకోవడం తప్పేమీ కాదు. ఫోన్ వెనక కవర్లో పెట్టడం తప్పు.

నాలుగోది: ఫొటోలు, బెదిరింపులు

దీన్ని ఆడపిల్లలకే చెప్పి ఊరుకోవద్దు. మగపిల్లలూ ఈ ఉచ్చులో పడుతున్నారు, వాళ్లు ఇంకా ఎక్కువ దాస్తారు. పాఠం అందరికీ ఒకటే, ప్రశ్నల సమయం వేరువేరుగా పెట్టండి.

తెలియని ఖాతా స్నేహం చేస్తుంది, పొగుడుతుంది, వేరే యాప్‌లోకి రమ్మంటుంది, ఫొటో అడుగుతుంది, ఆ వెంటనే డబ్బు అడుగుతుంది. అక్కడ చేయాల్సినవి ఈ వరుసలోనే నేర్పండి. డబ్బు ఇవ్వొద్దు. ఇస్తే మళ్లీ అడుగుతారు. చాట్ చెరిపేయొద్దు. భయంతో అన్నీ డిలీట్ చేసేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు. బెదిరింపు మాటలు, అవతలి ఖాతా పేరు, డబ్బు అడిగిన యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచాలి. ఆ తర్వాతే బ్లాక్ చేయాలి. నమ్మే పెద్దవాళ్లకు అదే రోజు చెప్పాలి.

"మాస్టారూ, పంపీసినాను, ఏటి సెయ్యాల" అని పిల్లవాడు మీ దగ్గరకు వస్తే, మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట మీదే అంతా ఆధారపడుతుంది. "చెప్పి మంచిపని చేశావు" అనండి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాట ఇవ్వకండి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం తెలిసినవారు పోలీసులకు తెలియజేయాల్సిందే. ఫొటోను మీ ఫోన్లోకి తీసుకోవద్దు, స్టాఫ్ గ్రూపులో పెట్టొద్దు. పిల్లల అసభ్య చిత్రం దాచడం, పంపడం ఐటీ చట్టం 67బి కింద నేరం. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మహిళలు, పిల్లలపై నేరాల విభాగంలో పేరు చెప్పకుండానూ ఫిర్యాదు చేయొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098. చిత్రాలు వ్యాపించకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో ఫోన్ దాటి పోదు, దాన్నుంచి ఫోన్లోనే తయారయ్యే గుర్తు సంఖ్య మాత్రమే వెళ్తుంది.

ఐదోది: ఇంటివాళ్లతో

తల్లిదండ్రుల సమావేశం రోజునే పెట్టండి, అమ్మమ్మలూ వస్తారు. మీరు మాట్లాడకండి, అట్టముక్కల ఆట పిల్లలతోనే ఆడించండి. పెద్దవాళ్లను ఒక్కటే అడగండి: తప్పు చెప్పుకున్న రోజున కొట్టొద్దు, ఫోన్ లాక్కోవద్దు. వలస వెళ్లిన తండ్రులకు ఇదే మాట నిమిషం వాయిస్ మెసేజ్‌గా పంపండి.

నెల తర్వాత చెప్పకుండా ఆరు కొత్త మెసేజ్‌లతో పరీక్ష పెట్టండి. జవాబు కంటే కారణం చూడండి. "లింకు ఉంది కాబట్టి ఫేక్" అని రాసినవాళ్లకు మొదటి పీరియడ్ మళ్లీ కావాలి. మీ దగ్గరకు వచ్చే ఫిర్యాదులు పెరిగితే కంగారు పడొద్దు, ఇన్నాళ్లూ దాచినవే బయటకొస్తున్నాయి. 1930, 1098, అత్యవసర నంబరు 112 ఉన్న కాగితాన్ని హెడ్‌మాస్టర్ గది బయట కాకుండా మరుగుదొడ్ల తలుపుల లోపలివైపు అంటించండి. అక్కడైతే ఎవరూ చూడకుండా చదివి రాసుకోగలుగుతారు.