ఆక్సిజన్ సెన్సార్ నిజంగా పోయిందా? మార్చే ముందు ఇలా చూడండి
పెట్రోల్ కార్లో చెక్ ఇంజిన్ లైట్ వెలిగి మైలేజ్ పడిపోతే చాలామంది డైరెక్ట్‌గా ఆక్సిజన్ సెన్సార్ (ఇంజిన్ పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసేది) మార్పించేస్తారు, కాస్త ఆగండి. ముందు ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే పరికరం) పెట్టి కోడ్ చూడండి. పీ0135 వస్తే సెన్సార్‌ని వేడిచేసే హీటర్ సర్క్యూట్‌లో తేడా, ఫ్యూజు, కనెక్టర్ చూసుకుని, ఇంజిన్ చల్లారాక మల్టీమీటర్‌తో హీటర్ పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి, రీడింగే రాకపోతే హీటర్ కాలిపోయినట్టే.

హీటర్ బాగుంటే ఇంజిన్ బాగా వేడెక్కాక స్కానర్‌లో లైవ్ డేటా తెరవండి, క్యాటలిటిక్ కన్వర్టర్‌కి (పొగని శుభ్రం చేసే భాగం) ముందున్నది మామూలు జిర్కోనియా సెన్సార్ అయితే వోల్టేజ్ 0.1 నుంచి 0.9 మధ్య గబగబా ఊగుతుండాలి. (కన్వర్టర్ వెనకున్న సెన్సార్ ఊగట్లేదని కంగారు పడకండి, అది అలాగే ఉండాలి.) ముందుదాని వోల్టేజ్ కిందే ఉండిపోతే యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కండి, వోల్టేజ్ లేచిందంటే సెన్సార్ బతికే ఉన్నట్టు, అప్పుడు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టం) జాయింట్లో లీకుందేమో వెతకండి, అక్కడ బయటి గాలి దూరినా రీడింగ్ ఇలాగే పడిపోతుంది.